శతమానం మేడలో గుండెదడ

నిర్వహణ పుస్తకం. రాసేది కాశింకోట నూకరత్నం. మోటార్లు, లిఫ్టు, తాళం పెట్టె నా బాధ్యత.

మొదటి రోజు

మధ్యాహ్నం రెండున్నరకు మేడ మీద పిడుగు పడింది. నీళ్ళ మోటారు కాలిపోయింది. లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. అందులో విశాలాక్షమ్మ గారున్నారు. నేను తలుపు ఊడదీసేదాకా ఆవిడ దవడలోని మైకులో నా పేరు పిలుస్తూనే ఉన్నారు. ఆవిడకు నూట నలభై ఎనిమిదేళ్ళు, మా సంఘానికి అధ్యక్షురాలు. బడిలో పనిచేసే రోజుల్లో పిల్లల గోల మీద వినబడాలని ఆ మైకు పెట్టించుకున్నారు. ఉద్యోగం పోయి ఎనభై ఏళ్ళయినా తీయించుకోలేదు. మా మేడ సముద్రంలో స్తంభాల మీద ఉంటుంది కనుక ఆ గొంతు నీటి మీద జారుకుంటూ పక్క మేడలకు కూడా పోతుంది.

సాయంత్రం కింద గదిలోకి వెళ్ళి తాళం పెట్టె చూశాను. ఈ మేడలో నలభై ముగ్గురున్నారు. వందేళ్ళు నిండనివాళ్ళను చేర్చుకోరు. అందరివీ పెట్టించుకున్న గుండెలే. అవి నిమిషానికి డెబ్బై రెండుసార్లు కొట్టుకునేలా తాళం అందించేది ఈ పెట్టె. అది తడిసింది కానీ పచ్చదీపం వెలుగుతూనే ఉంది. పొడిగుడ్డతో తుడిచి మూత పెట్టేశాను. తప్పు నాదే, కనుక రాస్తున్నాను: మూత పెట్టే ముందు లోపల చూడలేదు.

నాకు యాభై ఎనిమిది. నా గుండె నాతో పుట్టినదే. అందుకని ఇక్కడ అందరూ నన్ను చిన్నపిల్ల అంటారు. చిన్నపిల్లనని బరువులన్నీ నాచేతే మోయిస్తారు.

రెండో రోజు

పొద్దున్న ఆరింటికి తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. అందరూ గుండె మీద చెయ్యి వేసుకుని వరండాలోకి వచ్చారు. ఒక్కొక్కరిదీ లెక్కపెట్టాను. అందరిదీ నూట పద్దెనిమిది. ఇరవై నిమిషాలకు అందరిదీ కలిసే డెబ్బైకి దిగింది. మళ్ళీ సాయంత్రం నాలుగూ పదికి నూట ఇరవై ఆరుకి ఎక్కింది.

విశాలాక్షమ్మ గారు నన్ను గదిలోకి పిలిచి నుదురు చూపించారు.

"నూకా, ఇది చెమటా, లేకపోతే ఎక్కడైనా నూనె కారుతోందా చూడవే."

వేలితో తీసి వాసన చూశాను. "చెమటేనండి పంతులమ్మగారూ."

"అరవై ఏళ్ళయిందే," అని ఆవిడ అద్దంలో తన నుదురు చాలాసేపు చూసుకున్నారు.

మూడో రోజు

పెట్టె తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేశాను. ఎవరైనా చనిపోయారా అని అడిగారు. లేదన్నాను. అలా అయితే ఇది తొందరపడాల్సిన సంగతి కాదని, నలభయ్యో రోజున మనిషి వస్తాడని చెప్పారు. ఈలోగా ఎవరైనా చనిపోతే చెప్పమన్నారు, వరుసలో ముందుకు జరుపుతారట.

నాలుగో రోజు

కారణం పెట్టెలో ఉందా మనుషుల్లో ఉందా తేల్చాలని ఒక పరీక్ష పెట్టాను. అందరినీ హాల్లో కూర్చోబెట్టి మణికట్టు పట్టుకోమన్నాను. ఒక్కొక్కరినీ లేపి రెండంతస్తులు మెట్లెక్కించాను. మొదటి ఎనిమిది మంది ఎక్కినప్పుడు హాల్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఎక్కినవాళ్ళకూ ఏమీ కాలేదు. తొమ్మిదో ఫ్లాటు పోలయ్య తాత మూడో మెట్టు మీద కాలు పెట్టేసరికి హాల్లో నలభై రెండు మంది ఒక్కసారిగా "ఆఁ" అన్నారు.

పోలయ్య తాతకు నూట ముప్ఫై ఒకటి. గోదావరి సముద్రంలో కలిసేచోట నలభై ఏళ్ళు లాంచీ నడిపిన సరంగు. మోకాళ్ళు, తుంటి, వెన్నుపూస అన్నీ ఇనుమే. బరువు నూట పద్దెనిమిది కిలోలు. ఆయన గుండె మొట్టమొదటి రకంది. కొత్త గుండెలు తాళం అందుకుంటాయంతే. ఈ రకం అందుకోవడమే కాక తిరిగి పంపుతుంది కూడా. పిడుగుకు పెట్టె తన తాళం మరిచిపోయింది. దగ్గర్లో తాత గుండె చప్పుడు దొరికితే దాన్నే పట్టుకుని అందరికీ పంచుతోంది.

తాత మెట్టు మీదే ఆగి, "నేనేం సేసేనండీ?" అన్నాడు.

ఆరో రోజు

సంఘం సమావేశమైంది. పోలయ్య తాతను ఎదుట నిలబెట్టారు. కుర్చీ వేశాం కానీ ఆయన కూర్చోలేదు. ఐదో తరగతిలో విశాలాక్షమ్మ గారే ఆయనకు పంతులమ్మ. అది జరిగి నూట ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఆవిడ ముందు చేతులు కట్టుకునే నిలబడతాడు.

నలభయ్యో రోజు దాకా ఆయన మెట్లెక్కకూడదని, పులి-మేక ఆడకూడదని, ఆవకాయ ముట్టకూడదని తీర్మానించారు. అందరికీ చురుకుదనం రావాలి కనుక పొద్దున్న తొమ్మిదింటికి ఆయన పది గుంజీళ్ళు తీయాలి. పదిహేడో ఫ్లాటు కామేశం గారు మధ్యాహ్నం రెండింటికి తాను కునుకు తీస్తానని, ఆ సమయంలో పోలయ్య పడుకుని ఉండాలని రాయించారు.

"సాయంత్రం నాలుగూ పదికి రోజూ ఏం చేస్తున్నావు పోలయ్యా?" అని విశాలాక్షమ్మ గారు అడిగారు.

"ఏం లేదండీ. టీ తాగుతున్నానండి, ఆయ్."

హాల్లో అందరూ మణికట్టు పట్టుకున్నారు. తొంభై ఆరు. అబద్ధమాడుతున్నాడని నలభై రెండు మందికీ తెలిసిపోయింది. ఆయనకూ ఆ సంగతి తెలిసింది. నూట నాలుగైంది.

సమావేశం అయ్యాక కామేశం గారి భార్య సీతామహాలక్ష్మి గారు నన్ను పక్కకు పిలిచారు. గురువారం వాళ్ళ పెళ్ళిరోజట, తొంభై నాలుగోది. సాయంత్రం ఏడింటికి పోలయ్య గారు కాస్త అటూ ఇటూ నడిస్తే బాగుంటుందని నేల చూస్తూ అడిగారు. తాతకు చెప్పాను. ఆయన ఏమీ అడక్కుండా నవ్వాడు. తర్వాత చేరుస్తున్నాను: గురువారం ఏడింటికి ఆరు మెట్లు ఎక్కి దిగాడు.

శుక్రవారం పొద్దున్న కామేశం గారు ఎవరి ముఖమూ చూడకుండా ఇడ్లీ తిని వెళ్ళిపోయారు.

పదో రోజు

నాలుగూ పది దడ ఆగలేదు. మేడలో అందరూ అది ప్రేమేనని తేల్చేశారు. రెండు నెలల కిందట ఇరవై రెండో ఫ్లాటులోకి ముత్యాలమ్మ అనే ఆవిడ వచ్చింది. నూట పందొమ్మిదేళ్ళు, చేపల వేటకు వెళ్ళే కుటుంబం. నాలుగింటికి ఆవిడ కూడా కనబడటం లేదు. చూసి రమ్మని విశాలాక్షమ్మ గారు నన్ను పంపారు.

ఇద్దరూ మేడ అడుగున, పడవలు ఆగే మెట్ల దగ్గర ఉన్నారు. తాత మొలలోతు నీళ్ళలో కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. నడుముకు నాలుగు ఖాళీ నూనె డబ్బాలు కట్టి ఉన్నాయి. వాటికి కట్టిన తాడు ముత్యాలమ్మ ఎడమ చేతికి చుట్టుకుని ఉంది. వలలు లాగడానికి చేయించుకున్న చెయ్యి అది. భుజం దగ్గర కప్పీలా తిరుగుతుంది.

"సరంగువి కదా తాతా, నీకు ఈత రాదా?" అన్నాను.

"లాంచీ నడపడానికి ఈతెందుకే? మునిగిపోయేవోడికి కావాలి గానీ," అన్నాడు కళ్ళు తెరవకుండా. "నూకా, నువ్వెల్లి పైన సెప్పకు. నాకో పనుంది. పదిహేను బారలు ఈదాలి. పెట్టె బాగుసేసే మనిసి వచ్చేలోపల."

"బాగుచేశాకే నేర్చుకోవచ్చు కదా. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ముత్యాలమ్మ నా మాటకు నవ్వింది. "అదే కదే వచ్చిన సిక్కు! ఈయన ఊపిరితిత్తులు సూసేవా, కంసాలి కొలిమి తిత్తుల్లాంటివి. గుండె నూట ఇరవై దాటితేనే పూర్తిగా తెరుసుకుంటాయి. డెబ్బై రెండు దగ్గర సగం గాలే పడద్ది. సగం గాలికి ఇంత ఇనుము ఏం తేల్తాది? రెండుసార్లు దిగాడంట ఇదివరకు. రాయిలాగ పోయాడంట."

"అయితే ఇప్పుడు?"

"ఇప్పుడు పెట్టె ఈయన్ని ఆపట్లేదు కదా. బయపడితే తేల్తాడు. దైర్యం వస్తే మునుగుతాడు."

తాత కళ్ళు తెరిచి నీళ్ళకేసి చూశాడు. పై అంతస్తుల్లో ఎవరో గిన్నె పడేసిన చప్పుడు వినిపించింది. ఆయన మెల్లగా ముందుకు వాలి, డబ్బాల మధ్య బోర్లా తేలాడు.

పైకి వెళ్ళి, టీ తాగుతున్నారండి అని చెప్పాను. నా గుండె దడదడలాడింది కానీ అది ఎవరికీ చేరలేదు.

పదిహేడో రోజు

ఈరోజు తాడు పట్టడానికి నేనూ దిగాను, అది జారింది. తాత రెండు నిమిషాలు నీళ్ళలో గింజుకున్నాడు. మేడలో అందరి గుండెలూ నూట అరవై రెండు. కామేశం గారు సాంబారు గిన్నెతో సహా బల్ల కిందికి దూరారు. వరండాలో ముగ్గురు కూలబడ్డారు. విశాలాక్షమ్మ గారు డాబా మీద ఉన్నారు. ఆవిడ కళ్ళు దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాక్కుని చూస్తాయి. తాతనూ చూశారు, తాడు పట్టుకున్న నన్నూ చూశారు.

"పోలయ్యా! నూకా! పైకి రండి!"

ఆ మైకుకు తాత గుండె ఇంకో పది పెరిగింది. వరండాలో నాలుగో మనిషి కూడా కూలబడ్డాడు.

పద్దెనిమిదో రోజు

హాల్లో అందరూ చేరారు. తాత తల వంచుకుని నిలబడ్డాడు. పక్కన ముత్యాలమ్మ, ఆ పక్కన నేను.

"ఎందుకురా ఈ వయసులో ఈత?" అన్నారు విశాలాక్షమ్మ గారు. 'రా' అనడం మేము మొదటిసారి విన్నాం.

తాత చెప్పాడు. తొంభై నాలుగేళ్ళ కిందటి మాట. ఓ మధ్యాహ్నం లాంచీ ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాటుతుంటే అల కొట్టింది. జామకాయల తట్టతో అంచున కూర్చున్న మనిషి నీళ్ళలో పడిపోయింది. రోజూ అదే లాంచీలో వచ్చేది. పదిహేను బారల దూరంలో చెయ్యెత్తింది. తాత చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు.

"లాంచీ వదిలితే మిగతావోళ్ళు పోతారని సెప్పుకున్నానండి. అందరూ అదే అన్నారు. మెచ్చుకున్నారు కూడా. కానీ నిజం అది కాదండి. నాకు ఈత రాదు. బయవేసింది. మామూలుగా అయితే ఓ ముప్పై, నలబై ఏళ్ళు మోసి పోయేవోడిని. ఇప్పుడు పోవడం లేదు కదండీ ఎవరూ. తొంబై నాలుగేళ్ళయింది, రోజూ తెల్లారి కల్లోకొస్తాది. ఇంకెన్నేళ్ళు రావాలండి?"

రెండో రోజు నుంచి రోజూ పొద్దున్న ఆరింటికి మేడంతటినీ లేపుతున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది.

"ఆ అమ్మాయి పేరేంటి?" అన్నారు విశాలాక్షమ్మ గారు.

"తెల్దండి. జాంకాయలమ్మాయనే వోళ్ళం."

అందరి చేతులూ మణికట్ల మీదే ఉన్నాయి. కామేశం గారు లేచారు.

"పాపం, బాధే. కాదనను. కానీ ఆయన బాధకు నా గుండె ఎందుకు కొట్టుకోవాలి? నేనెవర్నీ ముంచలేదు. నాకు అరవై ఏళ్ళుగా ప్రశాంతంగా ఉంది. అది నాకు కావాలి."

"అదీ నిజవే బాబూ," అన్నాడు తాత.

చేతులెత్తమన్నారు. ఈదాలని ఇరవై రెండు, వద్దని ఇరవై. విశాలాక్షమ్మ గారు చెయ్యి ఎత్తారో లేదో నేను చూడలేదు, లెక్క ప్రకారం ఎత్తే ఉండాలి. ఒక్కసారి మాత్రమేనని, ముప్ఫై ఆరో రోజని, ఆ సమయంలో అందరూ కూర్చుని ఉండాలని, ఎవరి చేతుల్లోనూ వేడి పదార్థాలు ఉండకూడదని రాయించారు.

ఇరవై ఏడో రోజు

రోజూ నాలుగు నుంచి నాలుగున్నర దాకా అభ్యాసం. ఆ అరగంటా మేడలో అందరూ నేల మీద చాపలు వేసుకుని గోడకు ఆనుకుంటున్నారు. నిన్నటికి డబ్బాలు నాలుగు నుంచి రెండయ్యాయి. తాత పద్ధతి ఏమిటంటే, కాస్త ధైర్యం వస్తున్నట్టు అనిపించగానే ముత్యాలమ్మ ఆయన చెవి దగ్గర "సొరచేప" అంటుంది.

సీతామహాలక్ష్మి గారు మూడున్నరకే చాప వేసుకుంటున్నారు. ఎందుకండీ ఇంత ముందుగా అంటే, మొదటిసారి రైలెక్కినప్పుడు ఇలాగే ఉండేదని, ఆ సంగతే మరిచిపోయానని అన్నారు. నూట పధ్నాలుగేళ్ళ కిందటి ఆ రైలు గురించి అరగంట చెప్పారు. మోటారుకు కొత్త తీగ చుట్టాల్సిన పని ఉన్నా నేను కూర్చుని విన్నాను.

ముప్ఫై ఆరో రోజు

పొద్దున్నే మెట్ల పైనున్న అరుగు మీద కుర్చీలు వరసగా వేసి, ఒకదానికొకటి తాడుతో కట్టాను. నలభై ఒక్కమంది కూర్చున్నారు. కామేశం గారు వెనక వరసలో కళ్ళకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నారు. ముత్యాలమ్మ నీళ్ళ దగ్గర చివరి మెట్టు మీద నిలబడింది.

ఎదురుగా నీళ్ళలోంచి పాత కరెంటు స్తంభం తల ఒకటి పైకి కనబడుతుంది. అక్కడ ఒకప్పుడు వీధి ఉండేది. తాత ముందే తాడుతో కొలిపించాడు. మెట్టు నుంచి స్తంభానికి సరిగ్గా పదిహేను బారలు. డబ్బాలు వద్దన్నాడు. తాడు కూడా వద్దన్నాడు.

"తాడుంటే బయం ఎక్కడిదే? మునిగిపోతాను," అన్నాడు నాతో.

నాలుగూ పదికి దిగాడు. నూట ముప్ఫై నాలుగు. అరుగు మీద మూలుగులు మొదలయ్యాయి. తాత ముందుకు వాలి చేతులు విసిరాడు. నీళ్ళు తన్నాడు. నూట పద్దెనిమిది కిలోల ఇనుము నీళ్ళ మీద నిలబడింది. మూడు బారలు. నాలుగు. నూట నలభై ఎనిమిది. ఎవరో దేవుడి పేరు తలుచుకుంటున్నారు. ఎవరో నా చీర కొంగు పట్టుకున్నారు. ఏడు బారలు. ఎనిమిది.

అప్పుడు మూలుగులు ఆగిపోయాయి.

నేను వెనక్కి తిరిగి చూశాను. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. భుజాలు దిగాయి. సీతామహాలక్ష్మి గారు చిన్నగా నవ్వుతున్నారు. కామేశం గారు తువ్వాలు విప్పి ఆకాశం చూస్తున్నారు. ముత్యాలమ్మ కూడా మెట్టు మీద నడుం మీద చెయ్యి వేసుకుని, సొరచేప మాటే మరిచి, హాయిగా గాలి పీల్చుకుంటోంది.

"ఎంత బాగుందే నూకా," అన్నారు విశాలాక్షమ్మ గారు. "వాడికి ఈత వచ్చేసిందే."

నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ఎనభై ఎనిమిది. ఎనభై. డెబ్బై ఆరు.

తాతకు ధైర్యం వచ్చేసింది.

నీళ్ళకేసి చూస్తే తెల్లటి జుట్టు మాత్రం కనబడుతోంది. తర్వాత అదీ లేదు. నలభై రెండు మంది ప్రశాంతంగా చూస్తున్నారు. భయం వేసింది నా ఒక్కదానికే.

"పంతులమ్మగారూ! మునిగిపోతున్నాడు! భయపెట్టండి!"

"ఎవర్నే?"

"తాతని! ఆయన్ని భయపెట్టండి!"

భుజాలు పట్టుకుని కుదిపాను. ఆవిడ కళ్ళు నీళ్ళ మీదికి దూరం సర్దుకున్నాయి. తాత ఉండాల్సిన చోట బుడగలున్నాయి. ఆవిడ నిలబడ్డారు. తాడు కట్టి ఉండటంతో వరసంతా ఓ జానెడు ముందుకు జరిగింది.

"పోలయ్యా!" మైకు పూర్తిగా తెరుచుకుంది. పక్క మేడల కిటికీలు అదిరాయి. "పంతొమ్మిదో ఎక్కం! అప్పజెప్పు!"

అరుగు మీద నలభై ఒక్కమంది ఒక్కసారిగా గుండె పట్టుకున్నారు. కామేశం గారు కెవ్వున కేకేశారు. నీళ్ళు పగిలినట్టై తాత తల పైకి వచ్చింది.

"పంతొమ్మిదొకట్ల పంతొమ్మిదండి!"

"ఊఁ, చెయ్యి ఆపకు!"

"పంతొమ్మిది రెళ్ళు ముప్పై ఎనిమిదండి! పంతొమ్మిది మూళ్ళు..." ఒక అల నోట్లోకి పోయింది. ఉమ్మేశాడు. "యాబై ఏడండి!"

తొమ్మిది బారలు. పది. ముత్యాలమ్మ తేరుకుని నీళ్ళలోకి దూకి ఆయన వెనకే ఈదుతోంది. పట్టుకోలేదు. అరుగు మీద అందరూ చెమటలు కక్కుతూ, వణుకుతూ, ఎక్కం అందుకున్నారు. పంతొమ్మిది ఆర్ల నూట పద్నాలుగు అని నలభై గొంతులు అన్నాయి.

"నువ్వు చెప్పు! వాళ్ళు కాదు!" అన్నారు విశాలాక్షమ్మ గారు.

"పంతొమ్మిదేళ్ళ... నూట ముప్పై... ఐదండి!"

"ఏంటీ?"

నూట డెబ్బై నాలుగు. ఈ పుస్తకంలో ఇంత అంకె ఎప్పుడూ రాయలేదు.

"మూడు! మూడండి పంతులమ్మగారండీ! నూట ముప్పై మూడు!" అని అరుస్తూ తాత నీళ్ళను చీల్చుకుంటూ వెళ్ళి స్తంభాన్ని రెండు చేతులతో కావలించుకున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాం. తాత స్తంభాన్ని వదల్లేదు. వెనక్కి తిరిగి, తాను బయలుదేరిన మెట్టుకేసి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"పదిహేను బారలేనే నూకా," అన్నాడు. గట్టిగా అనలేదు కానీ నీటి మీద మాట మా దాకా వచ్చింది. "ఇంతే. ఇంతే దూరం."

కాసేపటికి సీతామహాలక్ష్మి గారు తన గుండె మీద చెయ్యి వేసుకుని నా వైపు తిరిగారు.

"నూకా, ఇదేంటమ్మా? భయం కాదు. వేగంగా కూడా లేదు. ఒక్కొక్క దెబ్బా లోపలికి దిగుతున్నట్టు కొడుతోంది. నాది పాడైపోయిందా?"

అందరూ తమ తమ గుండెలు పట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియలేదు.

విశాలాక్షమ్మ గారు మైకు ఆపేశారు. ఆవిడ సొంత గొంతు నేను అంతకు ముందు వినలేదు. చాలా చిన్నది.

"పాడవలేదు," అన్నారు. "వాడు ఏడుస్తున్నాడు. కళ్ళు మార్చాక నీళ్ళు రావు కదా. అందుకని మనకు తెలియడం లేదు."

ముత్యాలమ్మ స్తంభం దగ్గర నీళ్ళలో నిలదొక్కుకుని ఎదురుచూసింది. తొందరపెట్టలేదు. మా ఏడుపు ఆగేదాకా, అంటే ఆయనది ఆగేదాకా, పావుగంట పట్టింది.

ముప్ఫై ఏడో రోజు

పొద్దున్న ఆరింటికి ఎవరి తలుపూ తెరుచుకోలేదు. తాతను అడిగితే, కల వచ్చిందన్నాడు. కానీ అందులో తాను దూకాడట.

"అందుకున్నావా?"

"లేదు. నేను ఎల్లేసరికి మునిగిపోయింది. ఈతొచ్చినా అందేది కాదేమో మరి. అందేదేమో. అది తెల్దు." తన మణికట్టు పట్టుకుని, "అరవై కొట్టుకుంటుందే నాది ఇప్పుడు. అందరికీ నిద్ర సరిపోయిందా కనుక్కో," అన్నాడు.

కనుక్కున్నాను. సరిపోయింది.

నలభయ్యో రోజు

కంపెనీ మనిషి పది గంటలకు పడవలో వచ్చాడు. పెట్టె తెరిచి, ఉప్పు పేరుకున్న చోట గోకి, పదకొండు నిమిషాల పని అన్నాడు. బాగుచేసే ముందు సంఘం సంతకం కావాలన్నాడు. కింద గది మెట్ల మీద అందరూ చేరారు.

"సేసెయ్యండి బాబూ," అన్నాడు పోలయ్య తాత. "నా పనైపోయింది. ఇంతమందికి నా గొడవెందుకు?"

"నిన్నెవరడిగారు పోలయ్యా?" అన్నారు విశాలాక్షమ్మ గారు. కంపెనీ మనిషి వైపు తిరిగి, "ఈయన మొన్న మధ్యలో మునిగాడండి. ఈత పూర్తిగా రాలేదు. సగంలో వదిలేస్తే ఎలా?" అన్నారు.

"అమ్మా, పెట్టె పాడైపోయిందని ఫిర్యాదు ఉంది. నేను ఏదో ఒకటి రాయాలి."

చేతులెత్తమన్నారు. ఇలాగే ఉంచమని ముప్ఫై ఏడు. వద్దన్న ఐదుగురికీ కంపెనీ మనిషి అరచేతిలో పట్టే విడి పెట్టెలు ఇచ్చాడు. కామేశం గారు అందరికంటే ముందు తీసుకుని జేబులో వేసుకున్నారు. డెబ్బై రెండు కొట్టుకుంటోందని రెండుసార్లు చూసుకుని తృప్తిగా పైకి వెళ్ళారు. సీతామహాలక్ష్మి గారు తనకు వద్దన్నారు.

ఫిర్యాదు కాగితంలో నేను ఇలా రాశాను: పరీక్షించి చూడగా పెట్టె బాగానే పనిచేస్తున్నది. కింద విశాలాక్షమ్మ గారు సంతకం పెట్టారు. కంపెనీ మనిషి దాన్ని చదివి, మా ముఖాలు చూసి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు గంటలకు పదిహేడో ఫ్లాటులో పళ్ళెం విసిరిన చప్పుడైంది. పరిగెత్తాను. సీతామహాలక్ష్మి గారు తలుపు కొంచెం తీశారు. ముఖం ఎర్రగా ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఏం లేదమ్మా. పోట్లాడుకుంటున్నాం. అరవై ఏళ్ళయింది. నువ్వెళ్ళు," అని తలుపు వేసుకున్నారు.

నాలుగవుతోంది. అరుగు మీద కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. తాత నా తలుపు ముందు తువ్వాలుతో నిలబడ్డాడు. ఈరోజు పద్దెనిమిది బారలట. వెళ్ళాలి.